సర్దుబాటుకు హద్దు

భారతీయ సమాజంలో సర్దుబాటు అనే మాటకు దక్కిన గౌరవం మరే లౌకిక గుణానికీ దక్కినట్టు కనబడదు. రైలుపెట్టెలో నలుగురి చోట ఆరుగురు కూర్చోవడం మొదలు, పొసగని లెక్కను మరుసటి సంవత్సరం పద్దులోకి నెట్టడం వరకు ఎన్నో పనులను ఈ ఒక్క మాట చక్కబెడుతుంది. అది కొన్నిచోట్ల సహనం, కొన్నిచోట్ల దాటవేత. రెంటికీ నడుమ గీత ఎక్కడ పడుతుందన్న ప్రశ్నను పాత మోటారుసైకిలు క్లచ్ తీగ మీద పరీక్షించి చూడవచ్చు.

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ తిరువొత్తియూరులో తయారుచేసిన బుల్లెట్ బండ్లు, ఇంగ్లండులో వాటి తయారీ ఆగిపోయిన తరువాత కూడా దశాబ్దాలపాటు పెద్ద మార్పు లేకుండా వెలువడ్డాయి. ఆ పాత బండ్లు ఉత్తరాది పల్లెల్లో రెండువైపులా పాలక్యాన్లు వేలాడదీసుకుని తిరగడం పరిచిత దృశ్యం. వాటిలో ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్యనున్న క్లచ్ ప్లేట్లను స్ప్రింగులు ఎల్లవేళలా అదిమిపట్టి ఉంచుతాయి. ఎడమచేతి లివరు నొక్కినప్పుడు తీగ లాగబడి ఆ పట్టు సడలుతుంది. అందుచేత తీగ తెగిన బండి కోల్పోయేది నడిచే శక్తిని కాదు, విడిపోగల శక్తిని. చేయి తిరిగినవాడు ఇంజను వేగాన్ని కనిపెట్టి క్లచ్ లేకుండానే గేర్లు మార్చి ఇల్లు చేరగలడు. నాలుగుదారుల కూడలిలో ఆగవలసి వచ్చినప్పుడే చిక్కంతా.

ఈ తీగ నిర్మాణానికి 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ ఇంగ్లండులో పేటెంటు పొందాడు. సన్నని ఉక్కు పోగులు పేనిన లోపలి తీగ లాగుతుంది, పైతొడుగు ఆ లాగుడుకు ఎదురుగా నిలిచి కాస్తుంది. తొడుగు తట్టుకుని నిలవకపోతే వంపు తిరిగిన దారిలో లోపలి తీగ ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. కదలని దానికి ఈ పనిలో ఉన్న పాలు సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

తీగ ఒక్కసారిగా తెగిందని అందరూ అంటారు. నిజానికి అది నెలల తరబడి తెగుతూనే ఉంటుంది. లివరులో తీగ కొసనున్న చిన్న లోహపు గుండు నూనె ఎండి తిరగడం మానేస్తే, నొక్కిన ప్రతిసారీ తీగ అక్కడే వంగుతుంది. ఒక్కొక్క పోగు విడిపోతుంది, లివరు గరగరమంటుంది, వదులు పెరుగుతుంది. అప్పుడు అక్కరకు వచ్చేది అడ్జస్టర్. దాన్ని రెండు చుట్లు బయటికి తిప్పితే వదులు మాయమై బండి మునుపటిలాగే నడుస్తుంది.

అడ్జస్టర్‌ది తప్పు కాదు. కొత్త తీగ వేసిన మొదటి రోజుల్లో తొడుగు కుదురుకుని కొంత వదులు రావడం సహజం, దానికి సవరణ న్యాయమైనదే. గమనించదగిన విశేషం మరొకటుంది. ఈ తరహా క్లచ్‌లో ప్లేట్లు అరిగితే లివరు వదులు తగ్గుతుంది. పోగులు తెగితే పెరుగుతుంది. కనుక తరచుగా ఒకే దిక్కుకు, బయటికే, తిప్పవలసి వస్తున్నదంటే ఆ చేతికి సంగతి తెలియకపోదు. తెలిసీ తిప్పిన ఆ చుట్టు దగ్గర సర్దుబాటు పేరు మారిపోతుంది. కార్యాలయాలలో దస్త్రం ఒకే బల్ల నుంచి ఒకే బల్లకు పదేపదే తిరగడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే నింద ఎవరిది? పాలవాడికి తెల్లవారకముందే పట్నం చేరాలి, ఒక పూట ఆగితే పాలు విరుగుతాయి. రేపు చూద్దామనడం అతని విషయంలో సోమరితనం కాదు. మెకానిక్కు సంకటం ఇంకా సూక్ష్మమైనది. రెండు చుట్లు తిప్పి డబ్బు తీసుకోకుండా పంపితే అతడు మంచివాడు. తీగ మార్చాలంటే, సరుకు అమ్ముకోవడానికి చెబుతున్నాడన్న అనుమానం. చెప్పేవాడికి లాభం తెచ్చే సత్యం సత్యంగా చెల్లడం కష్టం. అనుమానపు మాట పడలేక మౌనంగా తిప్పి పంపేవాడు తన పేరును కాపాడుకుంటున్నాడు, దాని వెల నడిరోడ్డు మీద పాలవాడు చెల్లిస్తాడు. ఈ మౌనాన్ని మర్యాద అనడం మర్యాదకే అపచారం.

తీగ మార్చే పని మాత్రం పెద్దది కాదు. అడ్జస్టర్ వదులుచేసి, దాని గాడినీ లివరు గాడినీ ఒకే వరుసకు తెచ్చి పైకొసను విడదీయాలి, పిదప గేరుపెట్టె వద్ద కొసను తప్పించాలి. పాతదాన్ని లాగివేయకముందే దానికి దారం కట్టడం అనుభవజ్ఞుల పద్ధతి, పెట్రోలు ట్యాంకు కింది దారి చెడకుండా కొత్తదానికి ఆ దారమే తోవ చూపుతుంది. నూనె దింపి బిగించాక లివరు వద్ద రెండు మూడు మిల్లీమీటర్ల వదులు విడిచి, హ్యాండిలును రెండువైపులా చివరిదాకా తిప్పి తీగ ఎక్కడా బిగుసుకోలేదని చూడాలి. మనాలి నుంచి లేహ్ వెళ్ళే బుల్లెట్ యాత్రికులలో కొందరు పాత తీగ పక్కనే మరొకటి ముందుగా కట్టి ఉంచుకుంటారు.

అనుమానం సంగతి తెలిసిన మెకానిక్కులు కొందరు తీసిన తీగను మూలకు విసరరు. కొసను తొడుగులోంచి బయటికి లాగి, తెగిన పోగులు వేలికి గుచ్చుకునేలా బండివాని చేతిలోనే పెడతారు. ఎన్ని పోగులు మిగిలాయో అతడే లెక్కపెట్టుకుంటాడు.