బాపు తుపాకీ

మొన్న పండక్కి ఇచ్చోడ పోయినప్పుడు అవ్వ అడిగింది: "ఠాణల ఉన్న బాపు తుపాకి ఏం జేద్దం బిడ్డా? నీ పేరు మీద జేసుకుంటవా, ఇడిసిపెడ్తవా?"

బాపు పోయి ఇంకా ఏడాది కాలేదు. లైసెన్సు ఉన్న మనిషి పోతే, వారసుడు తన పేరిట లైసెన్సు తెచ్చుకోవాలి, లేదా తుపాకీని వదులుకోవాలి. అవ్వకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నిజానికి చెప్పగలగాలి. అమెరికాలో స్కూలు కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా ఆఫీసు క్యాంటీన్లో నేను వాదించేది ఒకటే: మామూలు జనం దగ్గర ఒక్క తుపాకీ కూడా ఉండొద్దు. ఎక్కడో ఉన్నవాళ్ల తుపాకుల గురించి ఆ మాట అనడం తేలిక. మన ఇంటిదాని దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

నా వాదనకు బలం మా జిల్లాలోనే ఉంది. 2020 డిసెంబర్ 18న ఆదిలాబాద్ తాటిగూడలో, పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో, మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకాయన తన లైసెన్సు రివాల్వర్‌తో కాల్చాడు. గాయపడినవాళ్లలో ఒకరు తర్వాత చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. కోపం అందరికీ వస్తుంది. అది దిగడానికి కావాల్సిన ఆ నాలుగు నిమిషాలను తుపాకీ మింగేస్తుంది. అది చేతిలో లేకపోతే ఆ రోజు ఎలా గడిచేదో ఊహించడం కష్టం కాదు.

మరి బాపు తుపాకీ? పంట కాపలా పేరుతో తీసుకున్న సింగిల్ బ్యారెల్. మక్క చేన్ల మంచె మీద కూర్చొని ఆకాశంలోకి పేల్చేవాడు. పందిని కొట్టాలంటే వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, అనుమతులు కావాలి. కాబట్టి మాకు పనికొచ్చింది చప్పుడొక్కటే. ఎన్నికలు వస్తే దాన్ని ఠాణాలో అప్పజెప్పేవాడు. ఆ రోజుల్లో పటాకులు కాల్చేవాడు, డబ్బా కొట్టేవాడు. తుపాకీ లేనిదే సేద్యం ఆగలేదు. కానీ తుపాకీ లేని రైతులందరూ డబ్బాతో ఆగరు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లున్నారు. దానికి పందులే కాదు, పులులూ చచ్చాయి, చీకట్లో నీళ్లు పెట్టడానికి పోయిన మనుషులూ చచ్చారు. ఒక వస్తువును నిషేధిస్తే దాని వెనక ఉన్న అవసరం పోదు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని ఒకడు కాల్చి చంపాక ప్రభుత్వం సుమారు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అక్కడ కూడా ఆత్మరక్షణను కారణంగా ఒప్పుకోలేదు గానీ, రైతు అవసరాన్ని ఒప్పుకున్నారు.

బాపు అభ్యంతరం మాత్రం పందుల గురించి కాదు. "మనయి గుంజుకుంటరు, మంచిదే. మరి వాళ్లయి?" అనేవాడు. ఆయన మనసులో ఉన్నది ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఇన్నేళ్లయినా ఆ సంఖ్య మీద ఒప్పందం లేదు.

ఇక్కడే నా వాదన తడబడింది. తాటిగూడలో పేలిన రివాల్వర్‌కు నంబరుంది, యజమాని పేరుంది, 13 నెలల్లో తీర్పు వచ్చింది. ఇంద్రవెల్లిలో చచ్చినవాళ్లకే సరైన లెక్క లేదు. మనం "సంపూర్ణ నిషేధం" అంటే తుపాకులు మాయం కావు, ఒక్క చోటికి చేరతాయి. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు పెట్టి యూరోపియన్లను వదిలేసింది. అహింస చెప్పిన గాంధీ కూడా 1918లో దాన్ని బ్రిటిష్ పాలన చేసిన అతి చెడ్డ పనిగా చెప్పాడు.

అయితే ఆ రోజు గోండుల చేతుల్లో తుపాకులుంటే బతికేవాళ్లా? నాకు నమ్మకం లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మా అడవుల్లో రెండు వైపులా తుపాకులు ఉండనే ఉన్నాయి. పగలు పోలీసులకు, రాత్రి అన్నలకు జవాబు చెప్పుకుంటూ మధ్యలో నలిగింది ఊళ్లే. కాబట్టి నేను ఇప్పటికీ నిషేధం వైపే. కాకపోతే దానికి ఒక షరతు ఉండాలి. నా తుపాకీ తీసుకున్న ప్రభుత్వం తన ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి, పేరుతో సహా. ఆ షరతు లేకుండా నిషేధం అడగడమంటే, నా పని సగం చేసి మిగతా సగాన్ని గోండు గూడేల మీద వదిలేయడమే.

తుపాకీ వదులుకుంటానని అవ్వకు ఫోన్‌లో చెప్పాను. బాపు వస్తువు అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పందులకేం జేస్తవ్ బిడ్డా?" అంది.

సోలార్ కంచెకు ఎంతవుతుందో కనుక్కుంటున్నాను.