అన్నం కొన్నవాని ఋణం

తెలుగునాట అన్నం పెట్టినవారికి ఒక పేరు, అన్నం అమ్మినవారికి మరొక పేరు ఉండేవి. గోదావరి లంకల్లో ఆకలిగొన్న బాటసారులకు వేళాపాళా చూడక వండి వడ్డించిన డొక్కా సీతమ్మ (1841-1909) అపర అన్నపూర్ణగా జనుల స్మృతిలో నిలిచిపోయింది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం'లోని పూటకూళ్ళమ్మను మాత్రం అందరూ ఆమె వృత్తి పేరుతోనే పిలుస్తారు. పెట్టిన అన్నం పుణ్యం, అమ్మిన అన్నం బేరం అనే భావన ఈ రెండు పిలుపుల వెనుక ఉన్నది. అయితే బేరంలో ధర్మానికి తావు లేదా? వెల చెల్లించి చేయి కడుక్కున్నంతనే ఆ అన్నంతో మన సంబంధం తెగిపోతుందా? పూటకో భోజనశాలను వెతుక్కునే మహానగర జీవితం ఈ ప్రశ్నను నిత్యం మన ముందుంచుతున్నది.

మంచి భోజనం, అందులోనూ చౌకగా, ఎక్కడ దొరుకుతుందో కనిపెట్టాలనే ముచ్చట ఈనాటిది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు నగర వీథులన్నీ తిరుగుతారు. అక్కడి ఒక పూటకూటి ఇంట మేలైన అన్నం మొదలు గడ్డపెరుగు దాకా ఏమేమి వడ్డిస్తారో కవి ఏకరువు పెట్టి, ఇదంతా ఒక్క రూకకే దొరుకుతుందని చెబుతాడు. తినేవాని సంతోషం ఆ వర్ణనలో దాగదు. ఆ సంతోషాన్ని తప్పుపట్టనక్కరలేదు. అన్నాన్ని నిందించరాదనీ, ఆశ్రయం కోరి వచ్చినవారిని తిప్పి పంపరాదనీ తైత్తిరీయోపనిషత్తు వ్రతాలుగా విధించింది. రుచిని ఆదరించడం కూడా అన్నాన్ని గౌరవించడంలో ఒక భాగమే. ఆ ఆదరం పళ్ళెం దగ్గరే ఆగిపోతుందా, దానిని తెచ్చిన చేతుల దాకా వెళుతుందా అన్నదే ఇక్కడి విచారణ.

రాజధాని ఢిల్లీనే ఉదాహరణగా తీసుకుందాం. జామా మసీదు పక్క సందులో 1913 నాటి కరీం హోటలు ఉన్నది. అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ భోజనశాలలో పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి కలుపుకొని తినేవారిలో తెలుగు రానివారు ఎందరో. 1994లో ప్రారంభమైన దిల్లీ హాట్‌లో వివిధ రాష్ట్రాల వంటలు ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఒక్క నగరంలో ఇన్ని రుచులు ఉండటం వేడుకగానే కనిపిస్తుంది. కాని వాటిలో చాలా రుచులు ఆ నగరానికి వచ్చిన దారి వేడుకైనది కాదు.

1947 విభజన కాలంలో పెషావరు నుంచి, పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో తరలివచ్చినవారు తందూరు వంటను ఢిల్లీలో స్థిరపరిచారు. దరియాగంజ్‌లోని మోతీ మహల్ అటువంటివారు స్థాపించినదే. 1959 తరువాత టిబెట్టును విడిచి వచ్చినవారు యమున ఒడ్డున మజ్నూ కా టీలాలో నివాసాలు ఏర్పరచుకున్నారు. మోమోలు, తుక్పా తినడానికి నేడు నగరవాసులు అక్కడికి వెళుతున్నారు. తూర్పు బెంగాలు నిర్వాసితుల కోసం ఏర్పడిన కాలనీయే ఇప్పటి చిత్తరంజన్ పార్కు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించిన నాటి నుంచి ఆఫ్ఘనిస్తాన్‌లో దశాబ్దాలుగా సాగిన కల్లోలం లాజ్‌పత్ నగర్‌కు కాబూలీ పులావును తెచ్చింది. ఆ లాజ్‌పత్ నగర్ కూడా విభజన కాందిశీకులు స్థిరపడిన చోటే. ఒక తరం నిర్వాసితుల వీథిలో మరొక తరం నిర్వాసితులు పొయ్యి వెలిగించారు.

ఇల్లు, పొలం, ఊరు పోయినవారి వెంట చేతిలోని వంట మాత్రం వచ్చింది. కొత్త రుచిని కనుగొన్నామని మురిసే నగరవాసి నిజానికి మరొకరు పోగొట్టుకున్న ఊరి గుమ్మంలో నిలబడి ఉంటాడు. రొట్టెకు వెల కట్టవచ్చును. ఆ ఊరికి వెల కట్టలేము. అలాగని ప్రతి భోజనాన్నీ దుఃఖంతో తినాలని కాదు. వడ్డించినవారు ఎక్కడివారో, ఆ వంటకాన్ని వారి ఇంట ఏ పేరుతో పిలుస్తారో తెలుసుకోవడం అతిథి చేయగల కనీస మర్యాద.

ఇక వెలకు ఒక గొప్ప గుణమూ ఉన్నది. దానంగా పెట్టిన అన్నం పంక్తిని చూసేది. కొన్న అన్నం పంక్తిని చూడవలసిన పని లేదు. అయినా మన దేశంలో చాలాకాలం అదీ చూసింది. రైల్వే స్టేషన్లలో హిందువులకు, మహమ్మదీయులకు వేర్వేరుగా మంచినీళ్ళు పోసిన రోజులున్నాయి. కులం పేరు బోర్డు మీద రాసుకున్న కాఫీ హోటళ్ళు ఉండేవి. అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతోపాటు భోజనశాలలను, హోటళ్ళను పేరుపెట్టి ప్రస్తావించి, మతం, కులం, పుట్టుక వంటి కారణాలపై ఎవరి ప్రవేశాన్నీ అడ్డగించరాదన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు వేసి, అక్కడి పాత్రలను వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరంగా ప్రకటించింది. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన తెలుగు పాఠకులకు ఆ నిబంధన ఎందుకు అవసరమయిందో వివరించనక్కరలేదు. అపరిచితుల పక్కన కూర్చుని తినడమనే సామాన్యమైన పని వెనుక ఇంత పోరాటం ఉన్నది. నేడు ఆ తలుపు కులం పేర మూసుకోకపోయినా ధర పేర మూసుకుంటున్నది. లోపల కుటుంబం భోజనం చేస్తున్నంతసేపూ బయట కారు దగ్గర నిరీక్షించే డ్రైవరు ఏ పూట ఎక్కడ తింటాడన్నది ఆ కుటుంబం వేసుకోవలసిన ప్రశ్న.

అలాంటప్పుడు ధర తగ్గడం మంచిదే కదా అనవచ్చును. తగ్గిన ధర ఎవరి భాగం నుంచి తగ్గిందన్నది చూడాలి. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఉద్యోగులే సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుంచి ఇండియన్ కాఫీ హౌసులను నడిపారు. అక్కడ కాఫీ చౌక. దానిని అందించే వ్యక్తికి ఆ సంస్థలో భాగం ఉన్నది. దీనికి భిన్నమైన చౌక మరొకటి ఉన్నది. 2017లో జొమాటో సంస్థ తన 'గోల్డ్' సభ్యులకు ఒక వంటకం కొంటే మరొకటి ఉచితమనే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆ ఉచితం భారం తమపైనే పడుతున్నదంటూ 2019 ఆగస్టులో అనేక రెస్టారెంట్లు అటువంటి పథకాల నుంచి వైదొలగాయి. ఈ వివాదంలో న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, ఒక సత్యం మాత్రం స్పష్టమైంది. ఉచితమన్న వంటకానికి కూడా వెల ఉన్నది. తిన్నవాడు చెల్లించకపోతే యజమాని లాభం నుంచో, వంటవాని జీతం నుంచో, కూరగాయలు పండించినవాని రాబడి నుంచో అది చెల్లుతుంది.

సర్వీస్ ఛార్జి వివాదం ఇదే ప్రశ్నకు మరో ముఖం. బిల్లులో దానిని తప్పనిసరిగా కలపరాదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిర్దేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ నిర్దేశాన్ని సమర్థించింది. కృతజ్ఞతను బలవంతంగా వసూలు చేయలేమన్నది సమంజసమే. అయితే వడ్డించేవాని బ్రతుకును అతిథి కృతజ్ఞతకు వదిలివేయడమూ సమంజసం కాదు. జీతం న్యాయంగా ఉన్నచోటనే కానుక కానుకగా మిగులుతుంది.

హోటళ్ళలో, ధాబాలలో పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి ప్రభుత్వం నిషేధించింది. అంతకు ముందు బల్లలు తుడిచిన లక్షలాది బాలురకు ఉత్తర భారతంలో ఒకటే పిలుపు, 'ఛోటూ'. వయసు మళ్ళినవానిని కూడా ఆ పేరుతో పిలిచే అలవాటు ఇంకా పోలేదు. నిషేధం చట్టం పని. తన ముందు నిలిచినవానికి ఒక సొంత పేరు ఉన్నదని గుర్తించడం తినేవాని పని. పూటకూళ్ళమ్మ విషయంలో మన సమాజం చేయనిది ఇదే.

ఢిల్లీలోని బంగ్లా సాహిబ్ గురుద్వారాలో మంత్రి, కూలి ఒకే వరుసలో నేల మీద కూర్చుని తినవచ్చును; తిన్నవారు పాత్రలు కడిగే సేవలోనూ పాల్గొనవచ్చును. నగరంలోని ప్రతి భోజనశాల లంగరు కాలేదు, కానక్కరలేదు. కొనుగోలుకు దాని ధర్మం దానికున్నది. ఎక్కడ ఏమి బాగుంటుందో వెతుక్కుంటూ తిరగడమూ మానవసహజమే. అయితే వెల చెల్లించడం అంటే ఋణం తీరడమని భావించడం పొరపాటు. న్యాయమైన ధరను సణగక చెల్లించడం, చౌక ఎక్కడి నుంచి వచ్చిందో విచారించడం, వండినవారి ఊరినీ వడ్డించినవారి పేరునూ అడగడం, పక్క బల్ల వద్ద ఎవరు కూర్చున్నా అది వారి హక్కని మనసారా అంగీకరించడం: అన్నం కొన్నవాడు ఇంత మాత్రం చేస్తే, సీతమ్మ గారు పెట్టిన అన్నానికీ పూటకూళ్ళమ్మ అమ్మిన అన్నానికీ మధ్య మనం కల్పించిన దూరం కొంతైనా తగ్గుతుంది.