షష్టిపూర్తి సంకల్పము

మానవుని జీవితయాత్రలో అరువదవ ఏడు ఒక మజిలీ. ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరువది సంవత్సరములు ఒక చుట్టు తిరిగి, పుట్టిననాటి సంవత్సరము మరల గడప త్రొక్కును. బృహస్పతి ఇంచుమించు 12 ఏండ్లకు ఒకమారు, శని ఇంచుమించు 30 ఏండ్లకు ఒకమారు రాశిచక్రమును చుట్టివత్తురు. అరువది ఏండ్లకు గురునకు ఐదు, శనికి రెండు ప్రదక్షిణములు ముగియును. 1966వ సంవత్సరపు ఉగాది మొదలు మరుసటి ఉగాదిలోపల జన్మించినవారికి, 2026 ఉగాదినాడు మొదలగు పరాభవ నామ సంవత్సరమే జన్మవత్సరము. పేరు పరాభవమైనను భగవద్భక్తునకు భయపడ పనిలేదు.

ఈ సంధికాలమునందు ఉగ్రరథ శాంతి, డెబ్బదవ యేట భీమరథ శాంతి, వేయి పున్నములు చూచినవారికి ఎనుబదియవ యేడు దాటిన పిదప సహస్ర చంద్ర దర్శన శాంతి జరుపుట పెద్దల ఆచారము. కలశములు స్థాపించి, మృత్యుంజయుని, ఆయుర్దేవతలను అర్చించి ఆయుష్షును అర్థించుచున్నాము. ఆ అర్థించిన ఆయుష్షు ఎందులకు? శాంతి చేయించుకొనువారు తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్న ఇది.

కృష్ణవేణీ దక్షిణ తీరమున, సీతానగరపు కొండల చెంతనున్న తాడేపల్లి వంటి ఊళ్లలో షష్టిపూర్తి ఘనముగానే జరుగుచుండును. కొడుకులు, కూతుండ్రు దూరదేశములనుండి వత్తురు. పచ్చని పందిరి వేయుదురు. దంపతులకు మంగళస్నానము చేయించి, మరల మాంగల్యధారణ జరిపించి, బంధువులందరు అక్షతలు చల్లుదురు. మూడవనాటికి పందిరి విప్పుదురు, పిల్లలు తిరుగుప్రయాణమగుదురు. పత్తిచేను, మిరపచేను కొడుకుల చేతికి వచ్చినవి; ఉద్యోగికి విరమణ లభించినది. ఇక పెద్దాయన అరుగుమీద కూర్చుండి వచ్చేపోయేవారిని చూచుట తప్ప చేయదగినది లేదా? ఇన్నాళ్లు తీరిక లేదనినవారికి భగవంతుడు తీరికను ప్రసాదించినాడు. దానిని కబుర్లకు ధారపోసినచో అర్థించి తెచ్చుకొన్న ఆయుష్షు వ్యర్థమే కదా!

కావున శాంతికర్మతోపాటు ఒక కైంకర్య సంకల్పము కూడ చేయవలెను. ఆ సంకల్పమునకు సంఖ్య ఉండవలెను, గడువు ఉండవలెను. శాస్త్రోక్తమైన సంకల్పములో దేశమును, కాలమును, కర్మను పేర్కొనుట ఇందుకొరకే. "ఏదో ఒకటి చేయుదము" అనునది కోరిక, సంకల్పము కాదు.

శ్రీమద్రామాయణము 24,000 శ్లోకములని ప్రసిద్ధి. దినమునకు పది శ్లోకములు స్వహస్తముతో వ్రాసినచో 2,400 దినములు, అనగా ఆరేండ్ల ఏడు మాసములు పట్టును. అరువదియవ యేట మొదలిడినవారు భీమరథ శాంతికి ముందే పట్టాభిషేకము దాటుదురు. గీతలోని 700 శ్లోకములు దినమునకొకటి చొప్పున రెండేండ్లలోపల కంఠస్థమగును. నాలాయిర దివ్యప్రబంధమును దినమునకొక పాశురము అర్థముతో అనుసంధించిన, 11 ఏండ్లకు కొంచెము ముందే ముగియును. పద్యరచన చేయగలవారు వారమునకు రెండు పద్యములు చొప్పున వ్రాసినను, 54 వారములలో తమ ఊరి స్వామిపై 108 పద్యముల శతకము సిద్ధమగును.

విద్య లేనివారికి సంకల్పము లేదని తలపరాదు. ఇంటి పెద్దావిడ నోట అమ్మమ్మలనాటి మేలుకొలుపులు, లాలిపాటలు, మంగళహారతులు ఎన్ని లేవు! అవి ఏ గ్రంథములోను లేవు. ఆమెతోనే అవి పోవును. మనుమరాలిచేత వాటిని వరుసగా వ్రాయించుట గొప్ప కైంకర్యము. మంగళగిరి నేతపనివాడు తన మగ్గముమీద లక్ష్మీనృసింహునకు ఒక వస్త్రమును నేయవచ్చును. రైతు చేనిగట్టున తులసి, మరువము, మల్లె నాటవచ్చును. శ్రీరామానుజుల ఆనతిపై అనంతాళ్వాన్ తిరుమలలో నందనవనము పెంచలేదా?

ఈ వయసున ఎత్తుకొన్న పని మధ్యలో ఆగిపోవునేమో అను భయము పలువురను వెనుకకు లాగును. దీనికి గురుపరంపరలోనే సమాధానము కలదు. యామునాచార్యులు పరమపదించినప్పుడు వారి చేతి మూడు వ్రేళ్లు ముడుచుకొని ఉన్నవట. శ్రీరామానుజులు వచ్చి, బ్రహ్మసూత్రములకు భాష్యము రచింతునని, పరాశర వ్యాసుల నామములను నిలుపుదునని, నమ్మాళ్వార్ల సూక్తులను ప్రకాశింపజేయుదునని ప్రతిజ్ఞ చేయగా ఒక్కొక్క వ్రేలు తెరచుకొన్నది. ఒకరి జీవితములో తీరని సంకల్పమును మరొకరు శిరసావహించిరి. ఆ రామానుజులైనను ఒంటరిగా నెరవేర్చిరా? శ్రీభాష్య రచనకు కూరేశులు తోడైరి. పరాశర వ్యాసుల నామములు కూరేశుల కుమారులకు ఒప్పినవి. తిరువాయ్‌మొళికి ఆరాయిరప్పడి వ్యాఖ్యను రచించినవారు తిరుక్కురుగైప్పిరాన్ పిళ్ళాన్.

తాడేపల్లికి ఆనుకొనియున్న ఉండవల్లి గుహాలయమును దర్శించినవారు ఒక విశేషమును గమనించియుందురు. కొండను తొలిచిన ఆ నాలుగంతస్తుల ఆలయములో పై అంతస్తు అసంపూర్ణముగా మిగిలినది. అయినను లోపల శేషశయనుడైన అనంతపద్మనాభుడు యాత్రికులను అనుగ్రహించుచునే యున్నాడు. పై అంతస్తు పూర్తికాలేదని క్రిందనున్న స్వామికి ఎవరును నమస్కరింపక మానలేదు.

ఆంధ్రదేశమున ఇందుకు దగ్గరి నిదర్శనము వాసుదాసస్వామి యని కీర్తి గాంచిన వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936). ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. వాల్మీకి రామాయణమును తెలుగు పద్యములలోనికి తెచ్చి ఒంటిమిట్ట కోదండరామునకు అంకితమిచ్చిరి. అంతటితో చాలునని ఊరకుండలేదు. దానికి మందరమను విపులమైన వ్యాఖ్యను రచించిరి. కొలువు విడిచి, టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర యాచించి ఒంటిమిట్ట ఆలయ జీర్ణోద్ధరణకు ధనము కూర్చిరి. గుంటూరు మండలములోనే, తెనాలి చెంత అంగలకుదురున వారి ఆశ్రమము వెలసినది. వార్ధక్యము వారికి విశ్రాంతికాలము కాలేదు, పంటకాలమైనది.

చివరి హెచ్చరిక ఒకటి కలదు. అరువది యేండ్ల సంసారములో "నేను కట్టిన ఇల్లు, నేను పెంచిన పిల్లలు" అని పలుకుట అలవాటైనది. ఈ గ్రంథము, ఈ పాట, ఈ పూలతోట కూడ ఆ జాబితాలో చేరినచో సంకల్పము సంసారమునకు తోక యగును గాని కైంకర్యము కాదు. అందుకే శ్రీవైష్ణవులు కర్మకు ముందు సాత్త్విక త్యాగము చేయుదురు. చేయువాడను నేను కాను. ఇది నాది కాదు. దీని ఫలము నాకు కాదు. సర్వేశ్వరుడే తన ప్రీతికొరకు ఈ శరీరముతో చేయించుకొనుచున్నాడను భావమే దాని సారము. ఈ భావముతో వ్రాసినచో పదియవ శ్లోకమున ఆగినను అది పదిపూలదండ. స్వామి మెడకు చేరకపోదు.

అరువదియవ పుట్టినదినమున పీటపై కూర్చున్న దంపతులు అక్షతలు అందుకొనుటకు ముందు, తాము చేయబూనిన కైంకర్యమును స్వామి సన్నిధిలో సంఖ్యతోను గడువుతోను విన్నవింతురు గాక. అర్థించిన ఆయుష్షును, దానిని సార్థకము చేసికొను బుద్ధిని శ్రీయఃపతి అనుగ్రహించుగాక.