రెండవ తుపాకి

ఒక తుపాకి యున్నవాడు రెండవదాని నేల కోరును? మొదటిది మొరాయించిన నిది యక్కరకు వచ్చునని యాతని సమాధానము. యంత్రము విషయమున నది న్యాయమే. మన దేశమున 2019 నాటి చట్టసవరణ యొకని చేతనుండదగిన తుపాకులను మూటినుండి రెంటికి తగ్గించినదే కాని రెండవదానిని కాదనలేదు. తనంతట తానే మరల గుండు నెక్కించుకొను సెమీ ఆటోమేటిక్ రైఫిలు మాత్రము సామాన్యునకు నిషిద్ధము.

అయితే తుపాకిని కోరించునది భయము. భయము యంత్రము కాదు. చండ్రుగొండ మండలమున 2022 నవంబరులో పోడుభూమి తగవున నొక అటవీ రేంజి అధికారి కత్తివేట్లకు బలియయ్యెను. అంతట అటవీ సిబ్బంది తమకు తుపాకులు కావలెననిరి. ఒంటరిగా నడవిలో తిరుగువారి కోరికను మేము నిందింపజాలము. కాని వీరికి తుపాకి వచ్చిన నెదుటివారు పదిమందిగా కూడుదురు. అప్పుడు రెండవది కావలెను. దీనికి తుద యెక్కడ?

తగవునకు మూలము భూమి. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్నవారికే హక్కు నిచ్చినది. ఛత్తీస్‌గఢ్ కల్లోలమునకు వెరచి పిమ్మట వలసవచ్చిన గుత్తికోయలకు పట్టాకు అర్హత లేదు. మరలిపోవ ధైర్యము లేదు. అడవిని కాచువాడును, అడవిలో బ్రదుకువాడును నొకరికొకరు వెరచుచున్నారు.

హత్యకు శిక్ష తప్పరాదు. కాని శిక్ష నిన్నటికి. రేపటి మాట యేమి? తుపాకి చెడినచో మరియొక తుపాకి దాని స్థానమున నిలుచును. న్యాయము చెడినచోట నేది నిలుచును? ఆ కుటుంబము లెచ్చట దున్నుకొనవలయునో తేల్చు కాగితమే అటవీ సిబ్బందికి మొదటి రక్షణయని మా నమ్మకము.