అడగటం తప్పా?

తీవ్రమైన జబ్బుతో మంచానపడిన బిడ్డ తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళి, “మీ బిడ్డను మా పరిశోధనలో చేర్చుకోనిస్తారా?” అని అడగటం ధర్మమేనా? “వారి బాధలో వారుంటే ఇదేం ప్రశ్న?” అని చాలామంది అంటారు. ఆ మాటలో దయ ఉంది. అయితే ఆ ఒక్క దయతోనే న్యాయం పూర్తికాదని మేము భావిస్తున్నాము.

ముందు అవసరం సంగతి చూద్దాం. జబ్బు నయంకాకపోయినా నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించేది ఉపశమన వైద్యం. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు కూడా ఇది అందుతోంది. కాని పెద్దలకిచ్చే మందు పిల్లలకూ అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు. కోడీన్ అనే నొప్పిమందు శరీరంలో మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది. ఆ మార్పు ఒక్కో బిడ్డలో ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకే పిల్లల నొప్పికి వాడవలసిన మందుల వరుసలో నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో దాన్ని తొలగించింది. ఇటువంటి విషయాలు పిల్లలను పరిశీలిస్తేనే తెలుస్తాయి. ఈ రోజు ఎవరినీ అడగకపోతే, రేపటి బిడ్డకు సరైన మందు ఎలా దొరుకుతుంది?

ఇక రెండోవైపు చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 2011లో మన పల్నాడులోనే, పిడుగురాళ్ల పేద మహిళలను డబ్బు ఆశ చూపి మందుల ప్రయోగాల్లో చేర్చారన్న ఆరోపణలు కలకలం రేపాయి.

కొండవీడు కొండ కింద కూలిపని చేసుకునే ఒక తండ్రిని ఊహించుకోండి. బిడ్డకు వైద్యం చేస్తున్న డాక్టరే కాగితం చాపితే, “మీరెట్లా చెబితే అట్లా సారూ” అంటాడు. కాదంటే మందు ఆగిపోతుందేమోనన్న భయం ఆ వేలిముద్రలో ఉంది. దాన్ని అంగీకారం అనగలమా?

అలాగని, “అతనికేం తెలుస్తుందిలే” అని అతన్ని అడగకుండా వదిలేయటం కూడా అన్యాయమే. తన బిడ్డ బాధ ఇంకొక బిడ్డకు మేలు చేయాలని కోరుకునే హక్కు ఆ తండ్రికి లేదా?

సంతానం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అందుచేత అడిగేవారు వైద్యం చేసే డాక్టరు కాక వేరొకరైతే మంచిది. విషయం ఇంటి భాషలో చెప్పాలి. ఈ పరిశోధన వల్ల మీ బిడ్డకు మేలు జరగకపోవచ్చని దాచకుండా చెప్పాలి. ఆలోచించుకోవటానికి గడువివ్వాలి. “వద్దు” అన్నవారికి వైద్యంలో రవ్వంత కూడా లోటు రాకూడదు.

బిడ్డ మాటా వినాలి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) తన ముందున్నది దైవాజ్ఞే అయినా కుమారుని అభిప్రాయం అడిగారు. ఇక మన పరిశోధనలెంత? ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతిని నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

కాబట్టి అడగటం తప్పు కాదు. కాదనే దారి మూసేసి అడగటమే తప్పు. అల్లాహ్ వ్యాధిగ్రస్తులైన పసివారికి ఉపశమనాన్ని, వారి తల్లిదండ్రులకు సహనాన్ని, మనకు అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.