తంతు

బాపు పదకొండో దినాన కిమ్ ఏటి ఒడ్డున పిండాలు పెట్టి ఇల్లు చేరాను. కాళ్లు కడుక్కుంటూ "తంతు అయిపోయింది" అన్నాను. అవ్వ నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపు నెల రోజులు నన్ను వదల్లేదు.

మనం ఆ మాటను అలాగే వాడతాం. పెళ్లి తంతు, కర్మ తంతు. అయ్యగారు అనమన్నది అంటాం, నీళ్లు విడవమంటే విడుస్తాం. అర్థం తెలియకుండా చేసినదానికి విలువ ఉంటుందా? బాపు చెయ్యి పట్టుకుని సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే గుజరాత్‌కు వచ్చినవాణ్ణి. నా చదువంతా గుజరాతీలోనే సాగింది. మంత్రంలో ఒక్క ముక్క తెలియదు.

దారి నా బిడ్డ చూపింది. బళ్లో సంస్కృతం మొదలుపెట్టారు. "పప్పా, కిమ్ అంటే 'ఏమిటి' అనట! మన ఊరి పేరే ప్రశ్న!" అని ఎగిరింది. ఏటిదీ ఊరిదీ ఒకటే పేరు. ఆ పేరుకూ సంస్కృతానికీ నేను చుట్టరికం కలపను. కానీ బిడ్డ సంస్కృతం పుస్తకం తిరగేస్తుంటే పదాల పట్టికలో 'తంతు' కనబడింది. ఎదురుగా అర్థం: దారం.

ముప్పై ఏళ్లుగా మగ్గాల మీద పోగులు చూసుకుంటూ బతికినవాణ్ణి, నాకే తెలియలేదు.

ఆ దారం పట్టుకుని వెతుకుతూ పోయాను. తన్ అనే ధాతువుకు సాచడం, సాగదీయడం అని అర్థం. మంత్రం పక్కన చేరిన తంత్రం కూడా మగ్గం మీద సాచిన పడుగు పేరే. తెగకుండా సాగేది కనుక సంతానం. అమరకోశంలో తంతువాయుడంటే నేతగాడు, సాలెపురుగు కూడా. తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు సంతతి అనే తంతువును తెంపవద్దని చెబుతాడు. ఋగ్వేదం పదో మండలంలో 130వ సూక్తం యజ్ఞాన్నే నేతగా చూస్తుంది. సాచిన పడుగు దగ్గర కూర్చుని నేసేది పితరులు. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపుకు పిండం పెట్టి వచ్చి నేను విసుగ్గా అన్న మాట, ఆయన బతుకంతా నేసిన దారం పేరు.

బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగేదీ నేత ప్రశ్నే. ఇదంతా నీళ్ల మీద పడుగూ పేకగా అల్లుకుని ఉంటే, ఆ నీళ్లు దేని మీద అల్లుకున్నాయని మొదలుపెట్టి లోకం వెంట లోకం దాటుతుంది. ఆమె పదే పదే పలికే 'కస్మిన్' మా కిమ్‌కే సప్తమీ విభక్తి. ఇంకా అడిగితే తల రాలుతుందని యాజ్ఞవల్క్యుడు ఆపుతాడు. ఆగుతుంది. తర్వాత మళ్లీ లేచి ఇంకో రెండు ప్రశ్నలు వేస్తుంది. అప్పుడుగానీ ఆయన ఆమెను నశించని అక్షరం దాకా తీసుకెళ్లడు. ఆ రెండోసారి లేచినందుకే ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

వేమన పిండాలను కాకులకు పెట్టడాన్ని నిలదీశాడు. ఆయన మాటను నేను తోసెయ్యలేను. అర్థం తెలియని తంతు వట్టి పడుగే, పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు.

కానీ బాపు మగ్గం మీద అచ్చు అతకడం నేను చూశాను. పాత పడుగు అయిపోయినా దాని కొసలను అచ్చులోంచి లాగెయ్యరు. వేళ్లకు బూడిద రాసుకుని ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు పేనుతారు. వేల పోగులు. అతికే వేళకు పేక ఇంకా పడలేదు, అది చీరో పంచో కళ్లకు కనబడదు. అయినా ఒక్క పోగు వదిలితే గుడ్డ పొడవునా గీత పడుతుంది. మంత్రం తెలియకుండా నేను నీళ్లు విడిచిన ఆ పొద్దు కూడా అతుకే అనుకుంటున్నాను. అర్థం పేకలా తర్వాత రావచ్చు. అయితే రావాలి, అడిగి రప్పించుకోవాలి.

మాసికం నాడు బిడ్డ నా పక్కన కూర్చుంది. "నువ్వులే ఎందుకు పప్పా?" అంది. నాకు తెలియదన్నాను. ఇద్దరం లేచి అవ్వ దగ్గరికి వెళ్లాం. అవ్వ కళ్లు తుడుచుకుని, తన అత్త చెప్పిన సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.