మందు నాది, ఫల మెవరిది?

“నా దేహము నాది, నా ధనము నాది, నాకు తోచిన మందు నేను మ్రింగినచో నితరుల కేమి?” అని పలుకువారు మనలో ననేకులు గలరు. పైకి చూడగా నీమాట న్యాయముగానే తోచును. కాని సూక్ష్మజీవుల సంతానక్రమమును విచారించినవారికి దీని లోపము తెలియకపోదు.

బాక్టీరియా రెండుగా చీలి సంతానమును పొందును. తగిన యాహారమును వేడిమియు లభించినపుడు, మన ప్రేగులలో నుండు ఈ. కోలై యించుమించుగా 20 నిమిషముల కొకసారి చీలును. అడ్డులేక సాగినచో నొక్కటియే 10 గంటలలో 107 కోట్లకు మించును. ప్రతి చీలికయందును దాని డి.ఎన్.ఏ.కు నకలు తీయబడును. తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయు లేఖకుల చేత తప్పులు పడునట్లే యిందును తప్పులు పడును. వానిలో నెప్పుడో యొకటి మందును తట్టుకొను శక్తి నిచ్చును. ఇట్టి శక్తి శత్రువును చూచిన పిమ్మట నలవడునది కాదనియు, అంతకు ముందే యాదృచ్ఛికముగా కొన్నిటియందు పుట్టియుండుననియు 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అను పండితులు బాక్టీరియాను చంపు వైరసుతో పరీక్షించి చూపిరి. కాబట్టి యనవసరముగా మందు వాడువాడు పైరును పెరికి కలుపును విడిచిన సేద్యగానివంటివాడు.

మనుష్యుల యాస్తి బిడ్డలకు చెందును. బాక్టీరియాల యాస్తి పొరుగువానికి సైతము చెందును. ఒక బాక్టీరియా గుణములు మఱియొకదానికి సంక్రమించునని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనువారు కనుగొనిరి. పెక్కు మందులను తట్టుకొను శక్తి ఈ. కోలై నుండి రక్తవిరేచనములు కలిగించు షిగెల్లాకు సంక్రమించుట 1959లో జపాను పరిశోధకులు చూపిరి. జలుబునకు కారణము వైరసు. అది తనంతట తాను పెరుగజాలక మన కణములలో జొచ్చి, వానిచేతనే తన ప్రతులను చేయించుకొనును. బాక్టీరియాను చంపు మందు దాని నేమియు చేయదు. ఆ మందు మ్రింగినచో జలుబు తగ్గదు సరికదా, ప్రేగులలోని సాధుజీవులలో మందునకు లొంగనివి మాత్రము మిగిలి, తమ శక్తిని రేపు రోగకారులకు పంచి యీయవచ్చును.

పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగు 1945లో నోబెలు బహుమాన ప్రసంగమున నొక కల్పిత కథ చెప్పెను. ఒకడు గొంతునొప్పికి చాలీచాలని మోతాదు పెన్సిలిన్ వాడెను; మందునకు లొంగని యా వ్యాధి భార్యకు సోకెను; ఆమె మరణించెను. ఆమె మృతికి భర్తయే కారకుడని ఫ్లెమింగు తీర్పు.

ఈ తీర్పు పూర్ణముగా న్యాయమా? నా కట్లు తోచదు. వైద్యునికి రుసుము చెల్లింపలేక, ఒకనాటి కూలి పోగొట్టుకొనలేక, అంగడిలో రెండు మాత్రలు కొన్న కూలివానిని, తెలిసియు తొందరపడి మందు కోరు విద్యావంతునితో నొక్క త్రాట కట్టవచ్చునా? తెలివి యెంతయో బాధ్యతయు నంత. రోగి యలుగునని మందు వ్రాసి యిచ్చు వైద్యుడును, లాభము కొఱకు చీటి లేకయే యమ్ము వర్తకుడును, పేదలకు మంచినీటి నీయజాలని సంఘమును ఆ కూలివానికంటె నెక్కువ దోషులు. కొన్ని మందులను వైద్యుని చీటిపైననే యమ్మి, ప్రత్యేకమైన పుస్తకమున లెక్క వ్రాయవలెనను నిబంధన మనదేశమున 2014 నుండి యమలులోనికి వచ్చినది. మంచిదే; కాని శాసన మొక్కటియే యాచారమును మార్పజాలదు.

అవసరమైనపుడు మందు మానుటయు దోషమే. ప్రాణము నిలుపుటకే గదా మందు పుట్టినది. అవసరము లేనపుడు మాత్రము అది చెఱువు నీటివలె నందఱి సొత్తని తలపవలెను. నీరు ముంచుకొను కడవ మనదే కావచ్చును. చెఱువును చెఱుచు హక్కు మాత్రము మనలో నెవరికిని లేదు.